చుక్కకు తమిళం

తొంభైల చివర మా హామ్ రేడియో మిత్రుల కంప్యూటర్లు గాలిలోనే ఉత్తరాలు పంపుకునేవి. ఏ కంప్యూటర్ పేరుకు ఏ అంకెలో చెప్పే పట్టికను కోవిల్‌పట్టి అక్క చూసుకునేది. నా పేరు చేర్పించుకోవడానికి విరుదునగర్ నుంచి వెళ్ళేసరికి, ఆమె చెబుతుంటే భర్త టైపు చేస్తున్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే అక్క, ప్రతి పేరు చివరా పెట్టాల్సిన చుక్క దగ్గర మాత్రం "పుళ్ళి" అని తమిళానికి మారింది. అంకె మారితే కారణం కనుక్కోగలను. మాట ఎందుకు మారిందో తోచలేదు.

"సుక్క అనవేమక్కా?"

"ఒకతూరి అట్లే అన్నా తమ్ముడూ. ఈయన నా కంప్యూటర్ వరస ముందర నచ్చత్రం గుర్తు కొట్టినాడు."

"సుక్కంటే ఆకాశంలో ఉండేది గాదా?" అన్నాడాయన.

పట్టికలో ఆ గుర్తుకు 'ఇంకే పేరైనా' అని అర్థం; దానివల్ల, తప్పు పేరుతో ఎవరేం పంపినా అక్క కంప్యూటర్‌కే చేరాయట. పట్టిక పని ఆమె నుంచి తీసేద్దామని మిత్రులంతా కలిసి వచ్చారట.

"మరి?"

"ఎవరి ఉత్తరం వాళ్ళ చేతికిచ్చినా. ఆ సుక్క లేకుంటే అవన్నీ గాలిలో పొయ్యుండును గదా! నన్ను తీసేయను వచ్చినోళ్ళే, దాన్ని తీసెయ్యొద్దక్కా అని బతిమాలినారు. అప్పట్నించి సుక్కనే పేరు దానికే ఇచ్చేసినా."