రెండో వైపు దగ్గు

సందు మలుపులో మిషను కుట్టే దర్జీకి అందరూ ‘రెండో వైపు’ అని పేరు పెట్టారు. ఊరంతా పాడుకున్న పాటలు ఆయనకు పట్టవు. గ్రామఫోను రికార్డు తిప్పి, వెనకవైపున్న, ఎవరికీ గుర్తులేని పాట పెడతాడు. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. రెండో చరణం ముందు మిషను ఆపి వేలెత్తుతాడు. అక్కడ కోరస్‌లో ఎవరో అమ్మాయి సన్నగా దగ్గుతుంది. “దగ్గు కోసం పాట వినేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానయ్యా!” అని పక్క కొట్లో చెప్పులు కుట్టే ఆయన నవ్వితే, తనూ నవ్వుతాడు. ఆ దగ్గు తన చెల్లెలిదని, ఆ పాట రికార్డయిన ఏడాదే ఆమె పోయిందని, ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదని ఎవరికీ చెప్పలేదు.

మొన్నామధ్య ఆ రికార్డు చేయి జారి రెండు ముక్కలైంది. పది రోజులు కొట్లో పాట లేదు. ఆయన వాలకం చూడలేక, పాతపాటల పిచ్చి ఉన్న లెక్కల మాస్టారు ఎక్కడెక్కడో వెతికి ఆ పాటను ఫోన్లో పట్టుకొచ్చాడు. రెండో చరణం ముందు దర్జీ వేలెత్తాడు. చరణం సాగిపోయింది.

“రోజూ నువ్వు వేలెత్తి చూపించేవాడివిగా, ఆ దగ్గు తీయించేశాను. కడిగిన ముత్యంలా లేదూ?”

“అసలుది ఉందా మాస్టారూ?”

“ఇంకా దాంతో పనేముంది? దొరికిన ఆ ఒక్క కాపీ మీదే చెరిపేశాం.”

“బాగుంది మాస్టారూ. చాలా శ్రమపడ్డారు,” అని దర్జీ గుండుసూదులు మళ్ళీ పెదవుల మధ్య పెట్టుకున్నాడు.

ఇప్పుడూ రోజూ ఆ పాట పెడతాడు. వేలెత్తడు. రెండో చరణం ముందు, ఒక దగ్గు పట్టేంతసేపు మిషను ఆపి, మళ్ళీ తొక్కుతాడు.