రాజుగారి బట్టలు

నాకింకా ఉద్యోగం రాని రోజులు. కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని జీకే పుస్తకం పైకి చదువుకుంటున్నాను. ఈజిప్టులో మూడువేల ఏండ్ల కిందటి రాజు సమాధి తవ్వితే బంగారు మాస్కు, రథాలు దొరికాయని ఉంది. పక్కనున్న ముసలాయన, వరంగల్‌లో జంపఖానాలు నేసేవాడట, "బట్టలేం దొర్కలేదా బిడ్డా?" అనడిగాడు.

పేజీ తిప్పి చూశాను. "దొరికినయి తాతా. పెట్టెల మడతపెట్టినయి ఉన్నయట."

"అన్నేండ్లు నిలిచినయా!" ఆయన భుజం మీది తువ్వాలను మెల్లగా నిమిరాడు. "మా మగ్గం నిరుడే తీసేసినం. నేను నేసినయన్నీ ఎప్పుడో చినిగిపోయినయనుకున్న. ఏడనో ఒక్కటన్న ఉంటది తియ్."

నవ్వుకుంటూ వెళ్లి రైలెక్కాడు.

ఇప్పుడు నేను బడిలో ఆ పాఠం చెప్పేటప్పుడు బంగారం కంటే ముందు బట్టల సంగతే చెప్తాను.