యాకూబన్న పోగొట్టలేదు

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు, గుడికెళ్లినప్పుడల్లా పిల్లల చదువులంటూ మాట మార్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కొత్తగూడెంలో నాకొక చిన్న డీటీపీ షాపు ఉండేది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, దరఖాస్తులు, వాటి మధ్యలో సార్ నవలలు. సార్ జూలూరుపాడులో సైన్స్ టీచర్. బడిలో కప్ప గుండె గురించి పాఠం చెప్పి, ఇంటికొచ్చి మాట్లాడే కొండల గురించి రాసేవారు. నల్లకోన అనే మాయారాజ్యాన్ని కల్పించి, దాని మీదే ఐదు నవలలు రాశారు. మొదటిది వారపత్రికలో వచ్చినప్పుడు, ఈ వయసులో దయ్యాల కథలేమిటని తోటి టీచర్లు నవ్వారట. మూడోది వచ్చేసరికి వాళ్ల పిల్లలే సంతకాల కోసం సార్ ఇంటి ముందు నిలబడ్డారు.

సార్ అన్నీ చేత్తోనే రాసేవారు. జిరాక్స్ తీయించేవారు కాదు. రెండో కాపీ ఉందంటే మొదటిదాని మీద శ్రద్ధ పోతుందనేవారు. అధ్యాయం పూర్తి కాగానే గుడ్డ సంచిలో పెట్టి బస్సు కండక్టర్ యాకూబన్నకు ఇచ్చేవారు. మా వైపు మందులు, టిఫిన్ డబ్బాలు, పెళ్లి పిలుపులు అన్నీ అలాగే అడవి దాటుతాయి. రసీదు అడిగితే అవమానించినట్టే. యాకూబన్న మా షాపు ముందు బస్సు ఆపించి, తలుపు దగ్గర నుంచే సంచి నా చేతికిచ్చి 'రైట్' అనేవాడు. ఆయనా సారూ చిన్నప్పటి నుంచి దోస్తులు.

ప్రూఫులు చూడటానికి సార్ షాపుకొచ్చేవారు. ఒకసారి మాటల్లో మా నాయిన గురించి చెప్పాను. నాయిన బొగ్గు బాయిలో పనిచేశాడు. ఒకరోజు లోపల కప్పు కూలింది. తోటి మనిషి బండ కింద ఇరుక్కుని పిలుస్తుంటే, నాయిన భయంతో పైకి ఉరికొచ్చాడు. ఆ మనిషి బతకలేదు. పోయేముందు నాయిన ఈ సంగతి నాకొక్కదానికే చెప్పాడు. నేను సార్‌కొక్కరికే చెప్పాను. సార్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆ తడిని నేను నమ్మాను.

నాలుగో నవలలో వీరడు వచ్చాడు. గుహలో మిత్రుణ్ణి బండ కింద వదిలేసి పారిపోయే పిరికివాడు. పేరు మాత్రం వీరడు, అదీ హాస్యం. గడప దాటేముందు, నెత్తిన దీపం లేని రోజున కూడా, నుదురు రెండుసార్లు తడిమి చూసుకుంటాడు. అది బాయిలోకి దిగేటప్పుడు నెత్తికి దీపం కట్టుకునే మా నాయిన అలవాటు. నేను చెప్పిందే. దాన్ని నా వేళ్లతో నేనే టైపు కొట్టాను, అక్షరం అక్షరం. పిల్లలకు వీరడంటే మహా ఇష్టం. ఎవరైనా భయపడి పరుగెత్తితే 'వీరడి ఉరుకుడు' అనడం మా వాడకట్టులోనే విన్నాను. సార్ నన్ను ముందు అడగలేదు. తర్వాతా ఏమీ అనలేదు. పుస్తకం చేతికిస్తూ, వీరడు బాగా కుదిరాడు కదా అన్నారు. అవునన్నాను. ఎందుకన్నాను? పెద్దమనిషి మాట కాదనలేకపోయానో, ఆయనకే గుర్తొచ్చి సిగ్గుపడాలని కాచుక్కూర్చున్నానో, నాయిన మాటను ముందు బయటపెట్టింది నేనే కదా అని నా మీద నాకున్న కోపాన్ని కూడా ఆయన మీదికే తోశానో, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఐదోదే చివరి నవల. దాని ఆఖరి అధ్యాయం సంచిని యాకూబన్న ఎప్పటిలాగే నా చేతికిచ్చాడు. నేను విప్పలేదు. పెళ్లి కార్డుల అట్టపెట్టె అడుగున దాచాను. ఒక వారం ఆలస్యం చేద్దామనుకున్నాను, అంతే. ఆయన తల్లడిల్లితే చూడాలనిపించింది. నాలుగో రోజు సార్ వచ్చారు.

"బిడ్డా, యాకూబ్ నీ చేతికే ఇచ్చిన అంటుండు. ఇచ్చిండా?"

"లేదు సార్. నాకేం ఇయ్యలే."

ఆయన నా ముఖంలోకి కూడా చూడలేదు. అనుమానం ఉంటే కదా చూడటానికి.

"నువ్వెందుకు అబద్ధమాడ్తవు. వాడే ఏడనో ఇడిసిపెట్టిండు."

అంతటితో వాళ్ల దోస్తీ తెగింది. మర్నాడు యాకూబన్న షాపుకొచ్చాడు. తగవు పెట్టుకుంటాడనుకున్నాను. నీకిచ్చినట్టే యాదికుంది, నాకే మతి తప్పుతోందేమో అని తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు.

సార్ మళ్లీ రాయడానికి కూర్చున్నారు. మొదటిదానిలా రావడం లేదని చింపేసేవారట. ఏడాది తిరిగేసరికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నవల ముగింపు లేకుండానే అచ్చయింది. పోయిన ఎండాకాలం సార్ చనిపోయారు. యాకూబన్న ఆఖరి చూపుకొచ్చి సార్ ఇంటి ముందు రోడ్డు మీదే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

ఆ వారమే సంచి విప్పాను. ఆ కాగితాల్లో మా నాయిన కోసం వెతికాను. వీరడు తిరిగొచ్చి ఆ మిత్రుణ్ణి తలుచుకుంటాడేమో, లేదా ఇంకా నవ్వులపాలవుతాడేమో. ఏదో ఒకటి ఉంటే నేను చేసినదానికి ఒక అర్థం దొరికేది. ఒక్క వాక్యం కూడా లేదు. సార్ అతన్ని మరిచేపోయారు. సార్ పోయినప్పుడు రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది.

ఆయన నాకు చేసింది ద్రోహమే. ఆ మాట వెనక్కి తీసుకోను. మరి యాకూబన్న ఏం చేశాడు? రిటైరైపోయి జూలూరుపాడులోనే ఉంటున్నాడు. ఎవరైనా ఏదైనా వస్తువు అప్పగించబోతే, నాకియ్యకండి, నేను పోగొడతా అంటాడట. ఆయన గడప తొక్కే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. ఇక్కడైతే రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరాడుతోంది. యాకూబన్న దేన్నీ పోగొట్టలేదు. సంచి నా చేతికే ఇచ్చాడు. నేను తీసుకున్నాను.