చలిమిడి తిన్న రోజు

మా పారాయణలో చలిమిడి నుంచి యాలకుల వాసన తగిలితే నా చెయ్యి ఇప్పటికీ ఛాతీ మీదికి పోతుంది.

కాట్రేనికోనలో మామ్మ వాళ్లింట్లో పారాయణ రోజు, నాకు ఎనిమిదేళ్లప్పుడు, నైవేద్యం కాకముందే ఒక ముద్ద తినేశాను. నామాలు మొదలవగానే పిల్లికూతలతో ఆయాసం వచ్చింది. దేవుడే నా ఊపిరి పట్టుకున్నాడనుకున్నాను. ఇన్‌హేలర్ పీల్చినా వెంటనే తగ్గలేదు.

"చలిమిడి నేనే ఎంగిలి చేసేను మామ్మా," అన్నాను.

"తెలుసమ్మా, మూతికి అంటుకుందిగా. ఆయనా చూసేడు. నీ ఎంగిలని మానేస్తాడేటి? మిగిలింది పెట్టేద్దాం."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కాసేపటికి ఊపిరి తెరిపిన పడింది.

భయపడితే ఆయాసం ఎక్కువవుతుందని తర్వాత డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు మందు ఎంత పనిచేసిందో, మామ్మ మాట ఎంత పనిచేసిందో నేటికీ తేల్చుకోలేను. ఊపిరి పట్టుకున్నది మాత్రం ఆయన కాదు.