ఇల్లుబండి వాసన

పేట్ బషీరాబాద్‌లో పాత బండ్లు అమ్మే షెడ్డులో ఆ కారవాన్ తలుపు తీయగానే మల్లెపూల స్ప్రే, దాని కింద ఎలుకల ఉచ్చ, నానిపోయిన పరుపు, ఎవరో తిని మరిచిపోయిన కూర, అన్నీ కలిసి గుప్పుమన్నాయి. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "రెండ్రోజులు తలుపులు తెరిసి పెడితే పోతది మేడమ్" అన్నాడు అమ్మేవాడు, సిగ్గులేకుండా నవ్వుతూ. బండికి పట్టిన వాసన సంగతి నాకా చెప్పేది? చిన్నప్పుడు అలాంటి బండే మాకూ ఉండేది.

మాది శామీర్‌పేట. బాపు చెరువులో వల వేసేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, అల్వాల్‌లో ఒక పెద్దాయన ఊళ్లు తిరగడానికి కట్టించుకున్న పాత వ్యాను అమ్ముతున్నాడని, అందులో పడుకోవడానికి మంచం, చేతులు కడుక్కునే తొట్టి, పూల కర్టెన్లు కూడా ఉన్నాయని విని, వెళ్లి కొనేశాడు. మోకాళ్లు పట్టేసి బస్సెక్కలేని మా అవ్వకు కొమురెల్లి మల్లన్న మొక్కు మిగిలిపోయింది; ఆమెను పడుకోబెట్టి తీసుకుపోవాలని ఆయన ఆశ. మేం దాన్ని ఇల్లుబండి అన్నాం. అమ్మ నువ్వుల ముద్దలు కట్టింది, అవ్వ బోనానికి కొత్త కుండ మీద సున్నం బొట్లు పెట్టింది, నేను ఆ మంచమెక్కి రోజంతా గచ్చకాయలు ఆడాను.

అయితే మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. ఏ బండి కొన్నా మొదటి బరువు మా చెరువు చేపలే కావాలి. సైకిలుకూ మోపెడ్‌కూ అలాగే చేశారు, ఆ నీసు గాలికి పోయింది. దీనికి తలుపులున్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రెండు గంపల చేపలు తెచ్చి పూల దుప్పటి మీదే పెట్టారు. నీసు నీళ్లు పరుపులోకి ఇంకాయి. మూడో రోజుకు పురుగులు కనిపించాయి. అమ్మ పరుపు కడిగి ఎండబెట్టింది, పసుపు నీళ్లు చల్లింది, వేపాకు పొగ వేసింది, అయినా వాసన పోలేదు. ఛీ, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

"చాపల వాసన గూడ ఒక వాసనేనా? మన బువ్వ గదా" అంటూ, కొమురెల్లికి బయల్దేరిన రోజు అవ్వ హాయిగా ఆ పరుపు మీదే పడుకుంది. నేను మాత్రం తుర్కపల్లి రాకముందే కక్కాను. దిగి, ముక్కు మూసుకుని, "నేను రాను, బండి కంపు, అవ్వ గూడ కంపే" అని రోడ్డు పక్కన పడి పొర్లాను. బాపు ఎంత బతిమాలినా బండెక్కలేదు. చివరికి అవ్వే అంది: "బండి మల్పు కొడుకా. మల్లన్న యాడికి పోతడు? మల్లొద్దాం."

ఆ వానాకాలమే అవ్వ పోయింది. బాపు బండిని పాత ఇనుముకు అమ్మేశాడు. ఆ పురుగులను తలుచుకుంటే కలిగే రోత కన్నా, ఆ రోజు నేనన్న మాట తలుచుకుంటే నా మీద నాకు కలిగే రోత ఎక్కువ.

ఇప్పుడు మా చెరువు చుట్టూ ప్లాట్ల రాళ్లు, గట్టు మీద ఫోటోలు దిగేవాళ్లు. బాపు వలను ఎలుకలు కొరికేశాయి. మా వాడకు చేపలు ఎక్కడినుంచో ఐసు డబ్బాల్లో వస్తాయి. అవ్వ మొక్కు మాత్రం బాపు మీద అలాగే ఉంది, ఆయన మోకాళ్లూ పట్టేశాయి. అందుకే ఈ షెడ్డుకు వచ్చాం.

నేను లోపలికి ఎక్కాను. బాపు ఎక్కలేదు. మెట్టు దగ్గర నిలబడి, బండిని కాదు, నా మొహాన్నే చూస్తూ మెల్లగా అడిగాడు: "కంపొస్తాందా బిడ్డా?"

"లేదు బాపూ" అన్నాను. ఆ పరుపు మీద కూర్చుని ఆయనకు చెయ్యి అందించాను.