ముందు కాశీరావు

కాశీరావుకి ఎక్కడైనా తనే ముందుండాలి. గుడివాడ బస్సు ఆగకముందే ఎక్కేవాడు. పెళ్ళిభోజనంలో వియ్యంకుడికంటే ముందు విస్తరి దగ్గర కూర్చునేవాడు. బెజవాడ ఆసుపత్రిలో చేరాక కూడా బుద్ధి మారలేదు. సూదిమందుకైనా సరే, అందరికంటే ముందు జబ్బ చూపేవాడు.

"ఈయన చావుక్కూడా తోసుకుపోయేట్టున్నాడు," అని విసుక్కున్నాడు పక్క మంచం పేరయ్య.

పేరయ్యది కొల్లేటి దగ్గర చేపల వ్యాపారం. ఇద్దరికీ ఒకటే జబ్బు, ప్రోస్టేట్ క్యాన్సర్. ఎముకల్లోకి పాకింది. "బీజాలు తీసేస్తే జబ్బు పోదుగానీ నెమ్మదిస్తుంది, నొప్పులు తగ్గుతాయి," అన్నారు డాక్టరుగారు.

"నొప్పితోనే పోతానండీ. మగాణ్ణి కాకుండా ఇంటికెళ్ళలేను," అన్నాడు పేరయ్య. చావుకంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాడు.

మర్నాడు నర్సు అమలమ్మ ఆపరేషన్ల జాబితా తెచ్చింది. ఒప్పుకుంటాడేమోనని డాక్టరుగారు పేరయ్య పేరే ముందు రాశారు.

"అదేంటమ్మా! నెల్లాళ్ళబట్టి ఇక్కడుంటే, మొన్నొచ్చినాయన నాకంటే ముందా?" అని కాశీరావు రంకెలేశాడు.

"ఇది సినిమా టిక్కెట్టు కాదు తాతగారూ!"

ఆయన వింటేగా! స్ట్రెచర్ ఆగకముందే ఎక్కి పడుకున్నాడు. వార్డంతా నవ్వింది. పేరయ్యకి మాత్రం ఒళ్ళు మండింది.

"ఏం మనిషమ్మా!" అన్నాడు అమలమ్మతో.

ఆమె దుప్పటి సర్దుతూ చెప్పింది. "నెల్లాళ్ళుగా ఆయనా మీలాగే ఒద్దన్నాడండీ. నిన్న సాయంత్రం మీరు గోడవైపు తిరిగి ఏడవడం చూశాడు. వెంటనే డాక్టరుగారి దగ్గరికెళ్ళి, ముందు నాకు చేసెయ్యండి, ఆయన చూసి ధైర్యం తెచ్చుకుంటాడు అన్నాడు. అప్పటికే జాబితా రాసేశారు, అందుకే ఇవాళ ఈ గోల."

పేరయ్య సిగ్గుతో తల దించుకున్నాడు.

మూడో రోజుకి కాశీరావు దిండుకానుకుని కూర్చున్నాడు.

"ఎలా ఉందండీ?" పేరయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"నడుంనొప్పి సగానికి తగ్గింది. కోసినచోట మంటగా ఉంది. మగతనం సంగతంటారా, ఇంకా తెలీదు."

అంతలో ఆయన భార్య సంపూర్ణమ్మ క్యారియరుతో వచ్చింది. వస్తూనే అందుకుంది. "ఒక కబురైనా పెట్టరా? నేనొచ్చే ఆదివారందాకా ఆగలేరా? నలభై ఏళ్ళుగా వేగుతున్నాను మీతో! ఆ గడ్డం ఏవిటి? ఆ పంచె ఏవిటి?" పావుగంటసేపు ఊపిరి తీసుకోకుండా తిట్టి, ముక్కు చీదుకుని, అన్నం కలపసాగింది.

కాశీరావు మొహం వెలిగిపోయింది. "విన్నారుగా పేరయ్యగారూ? తిట్లలో వీసమెత్తు తేడా లేదు!"

పేరయ్యకి నవ్వాగలేదు. నవ్వితే నడుం కలుక్కుమంది. నడుం పట్టుకునే అమలమ్మను పిలిచి, ఆపరేషనుకి సంతకం పెట్టాల్సిన కాగితం తెమ్మన్నాడు.