ఉత్త నీళ్లలో తేలిన ఆమ్లం

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది చదివాక ఎవరైనా తాయెత్తు కట్టుకోమన్నా వినను. నేను కెమిస్ట్‌ని. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

సౌదీలోని ఖఫ్జీలో ఆయిల్ ఫీల్డ్ మురుగునీళ్లు పరీక్షించే ల్యాబ్ మాది. నూనెతో పాటు పైకొచ్చే ఆ నీళ్లలో నాఫ్తెనిక్ ఆమ్లాలుంటాయి. చేపల్ని చంపే విషం. మెషిన్ గ్రాఫ్‌లో అవి ఎద్దు మూపురంలా లేస్తాయి. ప్రతి బ్యాచ్‌తోనూ ఉత్త శుద్ధజలం కూడా పరీక్షిస్తాం. దాన్ని బ్లాంక్ అంటాం. బ్లాంక్‌లో ఏదైనా కనిపిస్తే బ్యాచ్ మొత్తం చెల్లదు.

మురుగునీటి గుంట నుంచి సీసాలు నింపి తెచ్చేది జగిత్యాల మల్లన్న. "మేడమ్, గీ వాసన తానం జేసినా పోతలేదు," అనేవాడు. గుంట దగ్గర పనిచేసేవాళ్లకి మాస్కులివ్వమని రెండుసార్లు రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. అతను చివరిసారి తెచ్చిన సీసాలో ఆమ్లం లీటరుకి 61.4 మిల్లీగ్రాములు వచ్చింది. మర్నాడు ఆ గుంట గట్టు మీదే కూలిపోయాడు. గుండె ఆగిందని కాగితం రాశారు.

ఆ వారమే గుంటలో దిగి మడ్డి తీయడానికి నలుగురిని పంపాలనుకున్నారు. నీళ్లతో ప్రమాదం లేదని నా సంతకం కావాలి. మేనేజర్ తనే కొత్త శాంపిల్స్ తెప్పించాడు. అవి తాగే నీళ్లంత శుభ్రంగా వచ్చాయి. గుంటవి కావని నాకు తెలుసు, కానీ నిరూపించలేను.

బ్లాంక్‌లో మాత్రం మూపురం లేచింది. 61.4.

నా పొరపాటే అనుకున్నాను. గాజుసామాను మార్చాను, ద్రావకం కొత్త సీసా తెరిచాను. అదే అంకె. పక్క గదిలో మలయాళీ సహోద్యోగి షీబ, అప్పుడే సీలు తీసిన నీళ్లతో తనే చేసింది. మళ్లీ అదే. ఒకే సీసాని రెండుసార్లు పెట్టినా మెషిన్ ఇంత కచ్చితంగా ఒకే అంకె ఇవ్వదు. షీబ ప్రార్థన గొణుక్కుంది. నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది.

బ్లాంక్ బాగానే ఉందని రాయమన్నాడు మేనేజర్. రాయకపోతే వీసా రద్దు చేసి ఎగ్జిట్ కొట్టిస్తానన్నాడు.

"కొట్టించండి సార్. సంతకం మాత్రం పెట్టను," అన్నాను.

బ్యాచ్ చెల్లలేదు కనక మళ్లీ శాంపిల్ తీయాల్సిందే. మర్నాడు పొద్దున్నే నేనే వెళ్లి గుంట నీళ్లు పట్టుకొచ్చాను. బ్లాంక్ శుభ్రంగా వచ్చింది. గుంట నీళ్లలో విషం ఉన్నదున్నట్టు కనిపించింది. ఆ నలుగురినీ దింపలేదు.

ఆ రోజు బ్లాంక్‌లో ఆమ్లం ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. రిజిస్టర్‌లో కారణం దగ్గర 'తెలియదు' అనే రాశాను. దాని పక్కన శాంపిల్ తెచ్చినవారి పేరు రాసే గడి ఉంటుంది. బ్లాంక్‌కి దాన్ని ఖాళీగా వదిలేస్తాం. నేను మల్లన్న పేరు రాశాను. కొట్టేయమన్నారు. కొట్టేయలేదు.